ఇప్పు మేడం

నేను వినడం లేదనుకున్నప్పుడు మా కుట్టు కేంద్రంలో పిల్లలు నన్ను ఏమని పిలిచేవారో నాకు తెలుసు. ఇప్పు మేడం. విప్పు అనే మాటను మా సిద్దిపేట వైపు ఇప్పు అంటాం. ఎవరైనా కుట్టిన వరుసను చేత్తో తడిమి చూసి, నచ్చకపోతే ఆ ఒక్క మాట అనేసి పక్కపిల్ల దగ్గరికి వెళ్లిపోయేదాన్ని. తిట్టేదాన్ని కాదు, కారణం చెప్పేదాన్నీ కాదు. కారణం వాళ్ల వేళ్లకే తెలియాలని నా పట్టుదల.

నా అసలు పేరు సుగుణ. పుట్టింది జగదేవ్‌పూర్‌లో, మెట్టింది సిద్దిపేటలో. ఆడపిల్లలకు కుట్టు నేర్పే కేంద్రంలో టీచరుగా చేరి అక్కడే రిటైరయ్యాను. జాకెట్లు, లంగాలు, ఫ్రాకులు అన్నీ నేర్పాను. కానీ నా పని ఏమిటని ఎవరైనా అడిగితే బొంతలు కుట్టడం నేర్పాను అనే చెప్తాను. జాకెట్టు నేర్పేవాళ్లు వీధికొకరు ఉన్నారు. బొంత మాత్రం ఈ ఊళ్లో నా దగ్గరే నేర్చుకున్నారని గర్వంగా చెప్పుకుంటాను, ఎవరేమనుకున్నా సరే.

ఇప్పుడు నా కుర్చీలో స్వరూప కూర్చుంటోంది. ఒకప్పుడు నా శిష్యురాలే. కొత్తగా చేరిన పిల్లల కోసం నాలుగు మాటలు రాసిమ్మని తనే అడిగింది. నోటితో చెప్తాలే, ఇంకోరోజు వస్తానంటే నవ్వి, "వద్దు మేడం, మీరు నోటితోని చెప్తే పిల్లలు బుగులు వడ్తరు. రాసియ్యుండ్రి," అంది. నా నోటికి పిల్లలు భయపడతారట, అందుకే రాస్తున్నాను. స్వరూప సంగతి కూడా ఇందులో రాస్తానని చెప్పి ఒప్పించుకున్నాను. అది లేకుండా బొంత గురించి నేను చెప్పేది సగమే అవుతుంది.

పాత చీరే ఎందుకు

మొదటి రోజు మీరందరూ చేసే తప్పు ఒకటుంది. బొంత అందంగా రావాలని ఇంట్లో ఉన్న మంచి చీర తెస్తారు. మెరిసే చీర, జరీ చీర, పెళ్లికి పెట్టిన చీర. నేను వాటిని మడతపెట్టి వెనక్కి పంపేదాన్ని.

మన ఇళ్లలో పుట్టిన బిడ్డను కొత్తబట్ట మీద పడుకోబెట్టరు. పాత నూలు చీరను చింపి, దాంట్లోనే చుట్టి, దాని మీదే పడుకోబెడతారు. అది లేనితనం వల్ల వచ్చిన అలవాటని కొందరు అనుకుంటారు. కాదు. కొత్తబట్టలో గంజి ఉంటుంది, గరుకుంటుంది. ఏళ్ల తరబడి ఉతికిన నూలు చీరకు వచ్చే మెత్తదనం ఏ దుకాణంలోనూ దొరకదు. పదిమంది ఉన్న ఇంట్లో వంట చేసి, చేలో కలుపు తీసి, పిల్లల్ని చంకనేసుకుని తిరిగిన ఆడమనిషి ఒంటిమీద అరిగిన చీర అది. బొంతకు అంతకన్నా మంచి సరుకు లేదు.

ఒకసారి బజారులో పెద్ద బట్టల దుకాణం ఉన్న ఇంటావిడ కారులో వచ్చింది. మనవడి కోసం బొంత కుట్టించాలని రెండు పట్టుచీరలు తెచ్చింది. వద్దని చెప్పి, ఇంట్లో పాత నూలు చీరేమైనా ఉందా అని అడిగాను. తమ ఇంట్లో అలాంటివి ఉండవని కాస్త పొడిగానే చెప్పి వెళ్లింది. మర్నాడు మళ్లీ వచ్చింది. వాళ్ల అత్తగారి నూలు చీర ఒకటి దొరికిందట, సగం ట్రంకు పెట్టెలో, మిగతా సగం పనిమనిషి చేతిలో గచ్చు తుడిచే గుడ్డగా. ఆ రెండు సగాలనూ కలిపే కుట్టాం. పిల్లవాడు పెరిగి బడికి పోతున్నా ఆ బొంత లేకుండా పడుకోడని ఆవిడే తర్వాత చెప్పింది.

సింథటిక్ చీరలు మాత్రం వద్దే వద్దు. ఇవాళ మన బీరువాల నిండా అవే కాబట్టి ఈ మాట గట్టిగా చెప్తున్నాను. అవి పొరల మధ్య జారతాయి. మీరు ఒక వరుస కుట్టేలోపు కిందిపొర ఎటో పోతుంది. పైగా గాలాడదు, చెమట పీల్చదు. నూలు చీరలు దొరకడం లేదంటే ఇంట్లో ముసలమ్మల్ని అడగండి, దొరుకుతాయి.

బోర్డు మీద పేరు

నేను ఎవరి కింద పనిచేశానో ఆ అధికారుల్లో ఒకావిడ గురించి చెప్పాలి. మేం పెద్ద మేడం అనేవాళ్లం. మనసు మంచిది, మాట కరుకు. బొంత అనే మాట ఆవిడకు గిట్టేది కాదు. ఆ పేరు వింటే ఎవరూ చేరరని, బోర్డు మీద క్విల్ట్ తరగతి అని రాయించింది. నేను మొహం ముడుచుకున్నాను.

ఆ ఏడు ఊళ్లో జరిగిన ఒక మేళాలో మా కేంద్రం తరఫున ఒక స్టాలు పెట్టాం. మా పిల్లల్లో ఒకతి ముందు నిలబడి వచ్చేవాళ్లందరికీ క్విల్ట్ అని వివరిస్తోంది. ములుగు నుంచి వచ్చిన ఒక ముసలవ్వ చాలాసేపు విని, అంచు పట్టుకుని చూసి, "అంత మంచిగనే ఉన్నది బిడ్డా, గని అచ్చం బొంత లెక్కనే ఉన్నదేంది?" అని అడిగింది. మా పిల్ల నా వైపు చూసింది. నేను పెద్ద మేడం వైపు చూశాను. ఆవిడ ముందు నవ్వు ఆపుకుంది, తర్వాత పకపకా నవ్వింది. వారం తిరక్కుండా బోర్డు మీద బొంతల తరగతి అని మార్పించింది.

అయితే ఆవిడ నుంచి నేను నేర్చుకున్నదీ ఉంది. పాత చీరల్ని మా అవ్వ కుంకుడుకాయ రసంతో ఉతికి ఎండలో వేసేది. అది చాలనుకునేదాన్ని. పెద్ద మేడం ఒప్పుకోలేదు. పసిపిల్లల కింద వేసేది ఏదైనా మరిగే నీళ్లలో ఉడకాల్సిందేనని పట్టుబట్టి, కేంద్రం వెనుక పొయ్యి పెట్టించి, పెద్ద గిన్నె కొనిపించింది. మొదట్లో సణుక్కున్నాను. ఉడికిన చీర నీళ్లు ఎంత మురికిగా దిగాయో చూశాక నోరు మూసుకున్నాను. ఆ పొయ్యి ఇప్పటికీ ఉంది. మీరూ ఉడకబెట్టండి.

కింది చెయ్యి

ఇక పని సంగతి. ఎండిన చీరల అంచులు కత్తిరించి తీసేయండి, అవి గుచ్చుకుంటాయి. శుభ్రంగా కడిగిన గచ్చు మీద ఒకదాని మీద ఒకటి పరవండి. నీళ్లు కాస్త చిలకరించి అరచేత్తో నడుమ నుంచి అంచులకు నిమరండి. మూలల మీద ఇటుకలు పెట్టి, పొరలు జరగకుండా తాత్కాలికంగా పెద్దపెద్ద కచ్చా కుట్లు వేశాకే అసలు కుట్టు మొదలుపెట్టాలి.

మూడు పక్కలు ముందు మూసేయాలి. నాలుగో పక్క తెరిచే ఉంచాలి. వరుస తర్వాత వరుస కుడుతూ ఆ తెరిచిన వైపుకు జరగాలి. కుట్టేటప్పుడు పొరల్లో పుట్టే ముడతలన్నీ ఆ దారినే బయటికి పోతాయి. తొందరపడి నాలుగు పక్కలూ ముందే మూశారంటే ముడతలు లోపలే చిక్కుకుని, ఎక్కడో ఒకచోట గడ్డకడతాయి. నాలుగో పక్కను అన్నిటికన్నా చివర మూయాలి.

సూది పట్టిన చెయ్యి ముఖ్యం అనుకుంటారు అందరూ. మా అవ్వ అలా అనేది కాదు. బొంత కింద ఉన్న ఎడమ చెయ్యే ముఖ్యమనేది. పై చెయ్యి కుడుతుంది, కింది చెయ్యి చూస్తుంది. సూదిమొన అన్ని పొరలూ దాటి వచ్చిందో లేదో, కింద ముడత పడిందో లేదో కళ్లకు కనబడదు, ఆ చేతికే తెలుస్తుంది. కోతలు అయిపోయిన చలికాలంలో మా వాకిట్లో కూర్చుని అవ్వ కుడుతుంటే, ఎదురింటావిడతో ముచ్చట్లాడుతూ ఒక్కసారి కూడా బొంత వైపు చూసేది కాదు. నేను కుట్టిన దాని కింద మాత్రం చెయ్యి పెట్టి, "ఇప్పు," అనేది. ఆ మాట నేను ఆమె దగ్గర తెచ్చుకున్నదే.

కొత్తవాళ్లు దారం బిగించి లాగుతారు. గట్టిగా లాగితే గట్టిగా ఉంటుందని నమ్మకం. లాగిన చోటల్లా బట్ట ముడుచుకుని గీతలా లేస్తుంది. పెద్దవాళ్లకు పరవాలేదు. పసిబిడ్డ వీపు కింద ఆ గీత ఉంటే తెల్లారేసరికి వీపు మీద ఎర్రటి చార తేలుతుంది. పిల్లల బొంతలో ముడి కూడా వేయకూడదు. ఒకే చోట రెండుసార్లు కుట్టి, దారం కొసను పొరల మధ్యకు దూర్చేయాలి.

క్లాసు బొంత

మా కేంద్రంలో నేను పెట్టిన నియమం ఒకటుండేది. ఎవరు కుట్టిన మొదటి బొంతైనా ఇంటికి పోదు. చిన్నది, పసిపిల్లల కొలతకు కుట్టిస్తాను. అది నా బీరువాలో ఉంటుంది. తర్వాత చేరినవాళ్లకు చూపించడానికి. వాటిని క్లాసు బొంతలు అనేవాళ్లం.

స్వరూప మర్కూక్ పిల్ల. పెళ్లయి సిద్దిపేట వచ్చింది. భర్త ఆటో నడుపుతాడు. కిరాయి ఇంట్లో అత్త ఎల్లవ్వతో కలిసి ఉండేవాళ్లు. క్లాసులో చేరేటప్పటికే స్వరూపకు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇంట్లో ఒక్కతే కూర్చుని బాధపడుతోందని ఎల్లవ్వే తెచ్చి చేర్పించింది. చేరిన కొన్నాళ్లకు మళ్లీ నెల తప్పింది. ఆ విషయం చెప్పడానికి కూడా భయపడి, నా చెవిలో గుసగుసగా చెప్పింది.

సరిగ్గా అప్పుడే మా పాఠం చిన్నబొంత దగ్గరికి వచ్చింది. పుట్టకముందే బిడ్డకు గుడ్డ సిద్ధం చేయకూడదని మన ఇళ్లలో ఒక పట్టింపు. ఎల్లవ్వకు అది మరీ ఎక్కువ. మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు స్వరూప ఒక చిన్న టోపీ అల్లిందట. అందుకే అలా అయిందని ఎల్లవ్వ నమ్మకం, నిజానికి స్వరూప నమ్మకం కూడా. అందరూ చీరలు పరుచుకుని కూర్చుంటే ఆ పిల్ల చేతులు ఒడిలో పెట్టుకుని గోడవైపు చూస్తూ కూర్చుంది. కుట్టాలని ఉంది. కుడితే ఏమవుతుందోనని భయం.

నేను దగ్గరికి వెళ్లి, అది ఎవరికోసమూ కాదని, క్లాసు బొంతని, బీరువాలో ఉంటుందని చెప్పాను. ఈ నియమం తెలిసిందే కదా అన్నట్టు మామూలుగా చెప్పాను. అప్పుడు సూది తీసుకుంది.

మర్నాడు ఎల్లవ్వ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. కోపంగా లేదు, భయంగా ఉంది.

"మేడం, నా కోడలు గా సిన్న బొంత ఎవ్వలకు కుడ్తుంది?"

"క్లాసుకు," అన్నాను.

"ఇంటికైతే తేదు గద?"

"తేదు. గీ బీరువల ఉంటది."

బీరువా వైపు చూసింది. దాంట్లోని బొంతలన్నీ తీసి చూపించాను. ఒక్కొక్కటీ తాకి చూసి, క్లాసుదైతే కుట్టనీ అని వెళ్లిపోయింది. రెండు రోజుల తర్వాత స్వరూప ఒక పాత చీర పట్టుకొచ్చింది. ఆకుపచ్చ నూలు చీర, వెన్నలా మెత్తగా ఉంది. ఎల్లవ్వ తన కొడుకు పుట్టినప్పుడు కట్టుకున్న చీరట. క్లాసుకు పనికొస్తుందేమో ఇవ్వమందట. దాన్ని ఉడకబెట్టి, పిల్ల ఒంటికి తగిలే పై పొరగా వేశాం.

ఇక్కడే నాకు చెడ్డపేరు వచ్చింది. స్వరూప చెయ్యి భయంతో బిగిసి ఉండేది. ప్రతి వరుసా ముడుచుకునేది. నేను కింద చెయ్యి పెట్టి, ఇప్పు అనేదాన్ని. మళ్లీ కుట్టేది. మళ్లీ ఇప్పు. మిగతా పిల్లలకు నా మీద మండిపోయింది. ఒకతి ధైర్యం చేసి, అది బీరువాలో పెట్టే బొంతే కదా మేడం, కాస్త చూసీ చూడనట్టు పోవచ్చు కదా, ఆమె పరిస్థితి మీకు తెలియదా అంది. నేను పక్కపిల్ల దగ్గరికి వెళ్లిపోయాను. స్వరూప మాత్రం తల వంచుకుని దారం లాగేసి, మళ్లీ సూదికి ఎక్కించుకుంది.

రోజులు గడిచేకొద్దీ ఆమె చెయ్యి సడలింది. వరుసలు చదునుగా వచ్చాయి. ఎనిమిదో నెల వచ్చేసరికి డాక్టరమ్మ ఇంట్లోనే ఉండమంది. క్లాసుకు రావడం మానేసిన రోజుకు బొంత దాదాపు అయిపోయింది. నాలుగో పక్క ఒక్కటే తెరిచి ఉంది. దాన్ని అలాగే మడిచి బీరువాలో పెట్టాను. ఎవర్నీ ముట్టనివ్వలేదు. బీరువా తెరిచినప్పుడల్లా నా చూపు ముందు దాని మీదికే పోయేది. అప్పుడు నేను దేవుడికి ఎన్ని దండాలు పెట్టుకున్నానో మా ఇంట్లోవాళ్లకు కూడా తెలియదు.

ఎల్లవ్వ ఒకరోజు పొద్దున్నే వచ్చింది. తలుపు దగ్గర నిలబడలేదు, తిన్నగా లోపలికి వచ్చి నా ఎదురుగా కింద కూర్చుంది.

"నీళ్లాడింది మేడం. ఆడివిల్ల. ఇద్దరు మంచిగున్నరు." ఆగి, కొంగుతో మొహం తుడుచుకుంది. "తొట్టెల చేస్తున్నం, పిల్లను ఉయ్యాలల ఏస్తం. క్లాసు బొంత ఒకటి ఉండెగద... క్లాసుకు అక్కరలేకుంటే ఇయ్యి."

బీరువా తెరిచి ఇచ్చాను. నాలుగో పక్క తెరిచి ఉండటం చూసి తనే కుడతానని సూది అడిగింది. పిల్లలందరూ చుట్టూ చేరారు. చకచకా కుట్టేసి నా చేతిలో పెట్టింది. కింద చెయ్యి పెట్టి చూశాను. సంతోషంలో దారం బిగించి లాగేసింది. పిల్లలు ఊపిరి బిగబట్టి నా మొహం చూస్తున్నారు.

"ఎల్లవ్వా, ఇప్పు," అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత క్లాసంతా నవ్వింది, ఆమె కూడా నవ్వుకుంటూ విప్పి మళ్లీ కుట్టింది. ఈసారి చదునుగా వచ్చింది.

చాలా ఏళ్లకు, స్వరూప నాతోపాటే టీచరుగా చేరాక, ఒక మధ్యాహ్నం అన్నాలు తింటూ ఆ సంగతి ఎత్తింది. అప్పట్లో నా మీద కోపం రాలేదా అని అడిగాను.

"కోపమెందుకు మేడం? ఆల్లందరు పోనియ్యి, పోనియ్యి అంటుంటే నాకు గుండె జారేది. దాని మీద పండే పిల్ల లేనట్టే అనేటోళ్లు. మీరొక్కలే ఇప్పు అన్నరు. ముడత ఎవ్వలికో గుచ్చుకుంటదనే గద ఇప్పుమంటరు. అంటే నా పిల్ల వస్తదని మీరు అనుకుంటున్నరు. మీరు ఇప్పు అన్నప్పుడల్ల నాకు ధైర్యమొచ్చేది."

నేను అంత ఆలోచించి అన్నానో లేదో ఇప్పుడు చెప్పలేను. అలవాటుగానే అని ఉంటాను. కానీ నా ఉద్యోగంలో నాకు దక్కిన మెచ్చుకోళ్లన్నీ ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. మీకు టీచరు వరుస విప్పమంటే చిన్నబుచ్చుకోకండి. ఆ బొంత మీద ఎవరో పడుకుంటారని ఆమెకు నమ్మకం ఉందని అర్థం.

నాలుగో పక్క

ఇది రాయడానికి ఒప్పుకున్న రోజున నేను కేంద్రానికి ఊరికే పోలేదు. సంచిలో ఒక చిన్నబొంత పెట్టుకుని పోయాను.

మా అమ్మాయికి పెళ్లయి చాలా ఏళ్లయింది. ఎన్ని దవాఖానాలు తిరిగిందో, ఎంత ఏడ్చిందో తల్లిగా నాకు తెలుసు. ఇప్పుడు ఆరో నెల. నేను పట్టింపులు లేనిదాన్నని ఊరంతా అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ నా పాత నూలు చీర ఉడకబెట్టి పరుచుకున్న రోజున సూది పట్టుకోవడానికే భయమేసింది. కళ్లు కూడా మునుపటిలా లేవు. సూదిలో దారం పక్కింటావిడతో ఎక్కించుకుంటున్నాను. కొన్ని వరుసలయ్యాక ఇంట్లో కుట్టడానికి మనసొప్పక, పిల్లల మధ్య కూర్చుంటే నయమని అక్కడికి పోయాను.

స్వరూప చూసి, "ఎవ్వలకు మేడం?" అంది.

"క్లాసుకు," అన్నాను.

తను నా మొహం వైపు చూడకుండానే నా పక్కన కూర్చుని, బొంత కింద ఎడమ చెయ్యి పెట్టి మెల్లగా జరుపుకుంటూ పోయింది. కొత్తపిల్లలు వింతగా చూస్తున్నారు. ఇంతమందికి నేర్పిన మనిషి కుట్టును ఎవరైనా పరీక్షిస్తారా అన్నట్టు. ఆ చెయ్యి ఒకచోట ఆగింది. వెనక్కి వచ్చి మళ్లీ అక్కడే ఆగింది.

"మేడం," అంది స్వరూప, "గీ వరుస ఇప్పుండ్రి."

ఎవరో పిల్ల కిసుక్కున నవ్వి నోరు మూసుకుంది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. తప్పు పట్టినందుకు కాదు. ఆ కింది చెయ్యి నేను నేర్పిన చెయ్యి, నాకన్నా బాగా చూస్తోంది. అంతకన్నా, ఇన్నేళ్లు నేను అంటూ వచ్చిన ఆ మాట వినేవాళ్లకు ఎలా ఉంటుందో మొదటిసారి నా చెవులతో విన్నాను. గుండెలో ఎక్కడో బిగిసి ఉన్నది సడలింది.

అక్కడే, మీ అందరి మధ్యనే కూర్చుని విప్పాను. మళ్లీ కుట్టాను. మూడు పక్కలు అయ్యాయి. నా బొంత ఇప్పుడు స్వరూప బీరువాలో, మీ మొదటి బొంతల పక్కనే ఉంది. దాని నాలుగో పక్క తెరిచే ఉంది, దాన్ని ఎవరూ ముట్టకండి. నేనే వచ్చి మూస్తాను.